మా ఇంటి మెట్లు మింగిన రోడ్డు

రోడ్ల విషయంలో మా సరిహద్దు జిల్లాలు వెనకబడ్డాయని అప్పుడప్పుడు ఎవరో ఒకరు రాస్తుంటారు. భువనేశ్వర్‌కి దూరం, అమరావతికి ఇంకా దూరం, పాపం అని ఒక సానుభూతి కూడా పారేస్తారు. ఇది అన్యాయం. పాత సామానుతో కొత్త రోడ్డు వేయడం ఎలాగా అని ప్రపంచం ఇప్పుడిప్పుడే సదస్సులు పెట్టుకుంటోంది. ఆంధ్రా పక్కన ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల్లో ఉన్న మేము ఆ పని ఎప్పుడో చేసేసి, అలిసిపోయి కూర్చున్నాం.

మా ఊరి పేరు మాత్రం చెప్పను. చెబితే సంబంధిత శాఖవారు మురిసిపోయి మా వీధికి ఇంకో పొర వేస్తారు. నా బాధంతా ఆ పొరతోనే.

మా ఇల్లు 1986లో కట్టింది. మా నాన్న ముందుచూపున్న మనిషి. వీధి మట్టం నుంచి గుమ్మానికి నాలుగు మెట్లు, మెట్టుకి ఆరంగుళాలు, మొత్తం రెండడుగుల ఎత్తు పెట్టించాడు. సాయంత్రమైతే ఆ మెట్ల మీద కొలువు తీరేది. పై మెట్టు మీద నాన్న, దాని కింద ఆయన ఈడువాళ్ళు, మూడో మెట్టు మీద మేం పిల్లలం, అట్టడుగున అప్పు అడగడానికి వచ్చినవాళ్ళు. ఎవరి మెట్టు వాళ్ళకి తెలుసు.

తరవాత అభివృద్ధి వచ్చింది. మొదట గ్రావెల్, కంకర పరిచి పైన తారు పోశారు. తొమ్మిది అంగుళాలు. మెట్టున్నర పోయింది. ఆ పైన మూడు విడతల్లో మూడు తారు పొరలు, ఒక్కోటి రెండంగుళాలు. ఆ పైన సీసీ రోడ్డు, కింద పరిచిన డస్టుతో కలిపి ఎనిమిది. ఇప్పుడు లెక్క ఇరవై మూడు. నాలుగు మెట్లలో ఒక్క అంగుళం మిగిలింది, అప్పు అడిగేవాళ్ళు నాన్న పక్కనే కూర్చోవడం మొదలెట్టారు. ఏ పార్టీ తేలేని సమానత్వాన్ని మా వీధికి రోడ్డు తెచ్చింది. సీసీ మీద మరో నాలుగంగుళాలు పడ్డాక రోడ్డు గుమ్మం కన్నా మూడంగుళాలు పైకెక్కింది. 2018లో తిత్లీ తుపాను వచ్చినప్పుడు వీధిలో నీళ్ళన్నీ పిలవని చుట్టాల్లా నేరుగా హాల్లోకి వచ్చి కూర్చున్నాయి.

ఇక్కడ కొంచెం శాస్త్రం చెప్పుకోవాలి. పాత తారు రోడ్డు చెత్త కాదు. అందులో కంకరా ఉంది, తారూ ఉంది, రెండూ ఒకసారి డబ్బు పెట్టి కొన్నవే. మిల్లింగ్ మిషన్‌తో పై పొరని గీకేసి, ఆ గీకిన సామాను ప్లాంటుకి పంపి, కొత్త కంకర, కొత్త తారుతో కలిపి వేడి చేసి మళ్ళీ అక్కడే పరవచ్చు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ దీని కోసమే 2015లో ఐఆర్‌సీ 120 అనే పుస్తకం వేసింది. కొండ తక్కువ తవ్వుతారు, తారు తక్కువ కొంటారు, రోడ్డు మట్టం ఎక్కడిదక్కడే ఉంటుంది. ఈ పద్ధతిలో ఉన్న ఘోరమైన లోపం కూడా అదే. మట్టం పెరగకపోతే రోడ్డు వేసినట్టు ఎవరికి తెలుస్తుంది? శిలాఫలకం ఒక్కటే సాక్ష్యమైతే, అది చదవడానికి ఎవరైనా ఆగాలి కదా.

కిందటిసారి టేపు పట్టుకొని కొలతలకి వచ్చిన జేఈ (జూనియర్ ఇంజనీరు) కుర్రాడిని అడిగాను. ఒడియా అబ్బాయి, తెలుగు చక్కగా మాట్లాడతాడు, మర్యాదస్థుడు, మనం 'అయ్యా' అన్నట్టు 'ఆజ్ఞా' అంటాడు.

"బాబూ, పాత పొర గీకేసి వేయకూడదా?"

"ఆజ్ఞా, గీకొచ్చు మాస్టారూ. కానీ ఎస్టిమేట్‌లో గీకుడు లేదు."

"మరి మా ఇల్లు మునిగిపోతోంది కదయ్యా?"

అతను టేపు చుట్టుకుంటూ మా గుమ్మం వైపు జాలిగా చూశాడు. "ఎస్టిమేట్‌లో మీ ఇల్లు కూడా లేదు ఆజ్ఞా."

ఇంత నిజాయితీ ఉన్న ఇంజనీరుని నేను చూడలేదు.

ప్లాస్టిక్ రోడ్ల సంగతి మీరు వినే ఉంటారు. మదురైలో త్యాగరాజర్ ఇంజనీరింగ్ కాలేజీ ప్రొఫెసర్ రాజగోపాలన్ వాసుదేవన్ గారు కనిపెట్టిన పద్ధతి. 2018లో పద్మశ్రీ ఇచ్చారు. పాల ప్యాకెట్లు, క్యారీ బ్యాగులు ముక్కలు చేసి, సుమారు 160 డిగ్రీల వేడిలో ఉన్న కంకర మీద చల్లితే అవి కరిగి రాయికి పల్చగా పట్టుకుంటాయి. ఆ తరవాత తారు కలుపుతారు. ఇక నీళ్ళు రాయికీ తారుకీ మధ్య అంత సులువుగా దూరలేవు. ఒక వరస రోడ్డయితే కిలోమీటరుకి టన్ను దాకా ప్లాస్టిక్ పడుతుంది, అంత మేరకి తారు మిగులుతుంది. పీవీసీ మాత్రం కలపకూడదు, విషవాయువు వస్తుంది. మా వీధిలో ఇదే పద్ధతి చిన్న మార్పుతో నడుస్తోంది. ప్లాస్టిక్‌ని ముందు కాలువలో ఊరబెడతారు. పండక్కి ముందు పూడిక తీసి రోడ్డు మీద కుప్ప పోస్తారు. ట్రాక్టరు వచ్చే లోపల ఆటోలు, ఆవులు, స్కూలు వ్యాన్లు దాన్ని తొక్కి తొక్కి రోడ్డులో కలిపేస్తాయి. 160 డిగ్రీలు మా దగ్గర లేవు గానీ మే నెల ఉంది.

కంకరకి బదులు వాడే సామానుకీ మాకు కొదవ లేదు. రాయగడ పక్కనే తెరుబలిలో ఫెర్రోక్రోమ్ అనే లోహం తీస్తే స్లాగ్, అంటే రాయిలాంటి చిట్టెం, మిగులుతుంది. కొరాపుట్ జిల్లా దమన్‌జోడిలో అల్యూమినా తీస్తే ఎర్ర బురద మిగులుతుంది. బురదలో క్షారం ఎక్కువ, తెచ్చి అలాగే పరిచేయకూడదు, ఆ జాగ్రత్త ఉండాలి. ఉక్కు స్లాగ్‌తో అయితే 2022లో సూరత్ దగ్గర హజీరాలో ఆరు వరసల రోడ్డే వేశారు. మందం మామూలు రోడ్డు కన్నా తక్కువట. మా వీధికి కావలసింది అదే కదా, మందం తక్కువ! కానీ మా కంకర మాత్రం కొండ పేలిన చప్పుడు వినకుండా ఊళ్ళోకి రాదు.

విమానాశ్రయాల వాళ్ళు ఇంకా చాదస్తులు. అమెరికాలో విమానాలు తిరిగే చోట పై పొరలో పాత తారు కలపనివ్వరు. కింది పొరల్లో, అంచుల్లో అయితే 30 శాతం దాకా సరేనంటారు. పైన ఒక్క రాయి లేచినా జెట్ ఇంజను దాన్ని లోపలికి లాక్కుంటుందని భయం. అలాగని పాతది పారేయరు. డెన్వర్‌లో స్టేపుల్టన్ విమానాశ్రయం 1995లో మూసేశాక రన్‌వేల కాంక్రీటంతా పిండి కొట్టి, 60 లక్షల టన్నులకు పైగా సామాను మళ్ళీ వాడుకున్నారు. మా వైపు, కొరాపుట్ జిల్లా జైపూర్‌కి 2022లో తొమ్మిది సీట్ల విమానం వచ్చినప్పుడు మా బావమరిది చూసి వచ్చాడు. "బావా, రన్‌వే మీద ఒక్క రాయి లేదు, అంతా ఖాళీ, వృథా," అన్నాడు. మా వీధిలో అలాంటి వృథా ఉండదు. లేచిన రాయి కిరాణా కొట్టులో బిస్కెట్ల సీసాని రెండుసార్లు పగలగొట్టింది. ఆటోలకి జెట్ ఇంజన్లు లేకపోవడం ఒక్కటే మాకు రక్ష.

అన్నట్టు సరిహద్దు గురించి. రెండు రాష్ట్రాలూ పొరలు వేస్తాయి గానీ ఒకే ఏడాది వేయవు. అందుచేత ఇటు రోడ్డూ అటు రోడ్డూ కలిసే చోట ఎప్పుడూ ఒక గట్టు ఉంటుంది. బస్సులో నిద్రపోతున్నా రాష్ట్రం మారిందని నడుం చెబుతుంది. రెండు రాష్ట్రాలూ మావంటే మావనే కొటియా ఊళ్ళ పంచాయితీ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది కదా, హద్దు ఎక్కడుందో తెలీక. బస్సులో ఏ ముసలమ్మని కూర్చోబెట్టినా చెప్పేది.

సరే, మా వీధి రోడ్డు చివరికి ఎలా రీసైకిల్ అయిందో చెప్పాలి. నాలుగంగుళాల పొర పడిన నెల్లాళ్ళకి మంచినీళ్ళ పైపు కోసం రోడ్డు నడిమధ్య తవ్వారు. సీసీ, దాని కింద తారు, దాని కింద కంకర, అన్నీ పెళ్లలుగా పైకి వచ్చాయి. అడ్డంగా కోస్తే ఒక్కో పెళ్లలో ఒక్కో ఎన్నికలు కనిపిస్తున్నాయి. గోతిలో మట్టి పోసి వాళ్ళు వెళ్ళిపోయారు, పెళ్లలు మిగిలిపోయాయి. వారం తిరక్కుండా వీధి వాటిని సర్దేసుకుంది. ఒకటి టీ కొట్టు బెంచీ కింద చేరింది. రెండు లారీ చక్రాలకి అడ్డం పడ్డాయి. ఎదురింటి అత్తయ్య నీళ్ళ డ్రమ్ము మూత మీద ఒకటి బరువు పెట్టుకుంది.

ఆ నెలలోనే మేము హాలు ఎత్తు చేయించాం. రెండడుగులు లేపాలి. గ్రావెల్ ఎన్ని ట్రాక్టర్లు కావాలని మేస్త్రిని అడిగితే నన్ను వింతగా చూశాడు.

"కొత్త గ్రావెల్ దేనికి బాబూ? వీధి నిండా రోడ్డు పెళ్లలున్నాయి కదా. గట్టి సరుకు."

అలా 1986 తరవాతి మా వీధి చరిత్ర మొత్తం ఇప్పుడు మా హాలు కింద ఉంది. మిల్లింగ్ మిషన్ లేదు, ప్లాంటు లేదు, టెండరు లేదు. నాన్న ఫొటో కింద సరిగ్గా మూడో తారు పొర పడిందని మేస్త్రి చెప్పాడు. రోడ్డు మీద నుంచి గుమ్మానికి మళ్ళీ మూడున్నర మెట్లు వచ్చాయి.

వీధి గుమ్మం ఒక్కటే పైకి జరిపించగలిగాం. మిగతా గుమ్మాలు ఇప్పుడు ఐదడుగులే, ఒక గదిలోంచి ఇంకో గదిలోకి అందరం వంగి నమస్కారం చేస్తూ వెళ్తాం. ఫ్యాను రెక్కలు తల మీదకి వచ్చేశాయి. ఇంటికి ఎవరొచ్చినా ముందు కుర్చీలో కూర్చోమని, ఆ తరవాతే స్విచ్ వేయాలని మా ఆవిడ ఆర్డరు. మొన్న జేఈ కుర్రాడు కొత్త కొలతలకి వచ్చి మంచినీళ్ళు అడిగాడు. కూర్చోబెట్టి ఇచ్చాం.