చిక్కుకోవడానికీ ఓ పద్ధతుందండీ

పరాయి దేశంలో యుద్ధమో తిరుగుబాటో వచ్చిపడితే మనందరం అక్కడ ఇరుక్కున్నవాళ్ల మీద జాలిపడతాం. నేను మాత్రం వాళ్ల ప్రభుత్వం మీద జాలిపడతాను. తిట్టుకున్నా ఫర్వాలేదు, పూర్తిగా వినండి. ఇరుక్కున్నవాడికి ఉన్నది ఒక్కటే పని, ప్రాణాలతో బయటపడటం. ప్రభుత్వానికో? ఆపరేషన్‌కి మంచి పేరు వెతకాలి, ఏ మంత్రి వెళ్లాలో తేల్చాలి, విమానం మెట్ల దగ్గర ఎవరు ఎటు నిలబడాలో చూడాలి, దిగినవాళ్ల చేతిలో పువ్వు పెట్టాలి, వాళ్లు దణ్ణం పెడుతుంటే కెమెరా సరిగ్గా పనిచేయాలి. ఇంత టెన్షన్‌లో ఉన్నవాళ్లకి ఫోన్ చేసి "సార్, మా బంకర్‌లో నీళ్లు అయిపోయాయి" అనడం సభ్యతేనా?

అసలు తప్పెవరిదో ముందు తేల్చుకుందాం. ప్రభుత్వం ముందే చెప్పింది కదా! ఎప్పుడూ ముందే చెబుతుంది. 2022 ఫిబ్రవరి 15న కీవ్‌లోని భారత రాయబార కార్యాలయం చెప్పలేదూ? పరిస్థితి అనిశ్చితంగా ఉంది కాబట్టి ఉక్రెయిన్‌లో ఉన్నవాళ్లు, ముఖ్యంగా అక్కడ ఉండటం తప్పనిసరి కాని విద్యార్థులు, తాత్కాలికంగా దేశం వదిలి వెళ్లే విషయం ఆలోచించుకోవచ్చు అని. ఈ 'వచ్చు' అనే రెండక్షరాలు ఉన్నాయి చూశారూ, దౌత్యమంతా అందులోనే ఉంది. వెళ్లవచ్చు, వెళ్లకపోవచ్చు. యుద్ధం రావచ్చు, రాకపోవచ్చు. వస్తే 'మేం అన్నాం కదా' అనొచ్చు, రాకపోతే 'మేం పొమ్మనలేదు కదా' అనొచ్చు. పాము చావకూడదు, కర్ర విరగకూడదు. ఇటు కాలేజీవాళ్లు క్లాసుకి రాకపోతే అటెండెన్స్ పోతుందంటారు, ఉండటం తప్పనిసరో కాదో ఇరవయ్యేళ్ల పిల్లాడు హాస్టల్ గదిలో కూర్చుని తేల్చుకోవాలి. తొమ్మిది రోజుల తర్వాత, అంటే 24న, రష్యా ఆ ప్రశ్నకి జవాబు చెప్పేసింది.

అయినా 'వచ్చు' ఎల్లకాలం 'వచ్చు'గానే ఉండదు. అదే సంవత్సరం మార్చి 2న ఖార్కివ్‌లో ఉన్న భారతీయులకి వచ్చిన సందేశంలో ఒక్క 'వచ్చు' కూడా లేదు. వెంటనే ఊరు వదలాలి, పిసోచిన్, బాబాయి, బెజ్లుదివ్కా అనే మూడు ఊళ్లలో దేనికో ఒకదానికి ఎట్టి పరిస్థితుల్లోనూ ఆ సాయంత్రం ఆరు గంటల్లోపు చేరాలి. బస్సుల్లేవు, రైలెక్కడానికి సందు లేదు, మీద బాంబులు. మరెలా? కాసేపటికి దానికీ సమాధానం వచ్చింది. వాహనం దొరకనివాళ్లు నడిచి వెళ్లండి. దూరాలు కూడా ఇచ్చారు, 11 కిలోమీటర్లు, 12, 16. చలిలో బ్యాగు భుజానేసుకుని నడుస్తున్న పిల్లలకి ఏ ఊరు దగ్గరో ఎంచుకునే సౌకర్యం కల్పించారు, ఇంకేం కావాలి? ఆ మధ్య ఢిల్లీలో దిగిన ఒక విద్యార్థి చేతిలో గులాబీ పెడితే, దీన్నేం చేసుకోను అని టీవీవాళ్లనే అడిగాడు. కృతజ్ఞత లేని తరం! పువ్వుని ఏం చేసుకుంటారో కూడా ప్రభుత్వమే చెప్పాలా?

నిజం చెప్పాలంటే పౌరుల్ని చెడగొట్టింది పాత ప్రభుత్వాలే. 1990లో సద్దాం హుస్సేన్ కువైట్‌ని ఆక్రమించినప్పుడు మనవాళ్లు 1,70,000 మందికి పైగా అక్కడ చిక్కుకుపోయారు. విదేశాంగ మంత్రి ఐ.కె. గుజ్రాల్ బాగ్దాద్ వెళ్లారు, సద్దాం ఆయన్ని కావలించుకున్నాడు, ఆ ఫొటో ప్రపంచమంతా చూసి తిట్టింది. జనం మాత్రం ఎడారి దాటి జోర్డాన్ రాజధాని అమ్మాన్ చేరారు, అక్కడి నుంచి ఎయిర్ ఇండియా విమానాలు దాదాపు రెండు నెలల పాటు తిరుగుతూనే ఉన్నాయి. ఫొటో వల్ల పరువు పోగొట్టుకుని మనుషుల్ని తెచ్చుకున్నారన్నమాట, ఎంత తెలివితక్కువ లెక్కో చూడండి. అంత పెద్ద పనికి జనం నోట నిలిచిన ముద్దుపేరు ఒక్కటీ లేదు. ఇప్పుడైతే 2022లో ఉక్రెయిన్ నుంచి 'ఆపరేషన్ గంగ', 2023లో సూడాన్ నుంచి కావేరి, 2025లో ఇరాన్, ఇజ్రాయెల్‌ల నుంచి సింధు. ప్రపంచం ఇలాగే తగలబడుతూ ఉంటే నదులు అయిపోయి వాగుల్లోకి దిగాల్సి వస్తుందేమోనని నా భయం.

ఈ జబ్బు మనకొక్కళ్లకే ఉందనుకునేరు. 2011లో లిబియా రగులుతుంటే బ్రిటన్ ఒక చార్టర్ విమానం సిద్ధం చేసింది. అది సాంకేతిక లోపంతో గ్యాట్విక్‌లోనే గంటల తరబడి ఇరుక్కుపోయింది. అంటే చిక్కుకున్న పౌరుల్ని తెచ్చేందుకు వెళ్లాల్సిన విమానమే చిక్కుకుంది. అప్పుడు ప్రధాని కామెరాన్ గల్ఫ్ పర్యటనలో ఉన్నారు, ఆయుధాల కంపెనీల వాళ్లని కూడా వెంటబెట్టుకుని. క్షమాపణ చెప్పారనుకోండి. పదేళ్లకి, 2021లో, కాబూల్ తాలిబన్ల చేతికి పోతున్న రోజుల్లో బ్రిటన్ విదేశాంగ మంత్రి క్రీట్ దీవిలో సెలవులో ఉన్నారు. సముద్రంలో తెడ్డేసుకుంటూ ఆడుకుంటున్నారట కదా అని అడిగితే అబద్ధం, ఆ రోజు సముద్రం మూసేశారు అని జవాబిచ్చారు. ఇంతకన్నా గట్టి సాక్ష్యం నేనెక్కడా వినలేదు.

ఆ కాబూల్ వ్యవహారంలోనే నాకు బాగా నచ్చిన ముచ్చట ఒకటుంది. కాపాడమంటూ ఆఫ్ఘన్లు రాసిన మెయిళ్లు వేలకి వేలు బ్రిటన్ విదేశాంగ శాఖ ఇన్‌బాక్స్‌లో పేరుకుపోయాయి. ఒకానొక దశ తర్వాత వాటిని తెరిచారు గానీ వాటి మీద ఏ చర్యా తీసుకోలేదని, చదవని మెయిళ్లు లేవని ఎంపీలకి చెప్పుకోవడానికే తెరిచారని తనకనిపించిందని, ఆ పనిలో కూర్చున్న మాజీ ఉద్యోగి ఒకరు అదే ఏడాది డిసెంబర్లో పార్లమెంటు కమిటీకి రాసిచ్చారు. తెరిచారు కదండీ! తెరవడం సాయం కాదా? ఎక్కడో గోడ పక్కన నక్కి మెయిల్ పంపినవాడికి, తన ఉత్తరాన్ని ఎవరో ఒక్క సెకను పాటు నొక్కారన్న తృప్తి మిగల్లేదా?

ఇక డబ్బు సంగతి. అమెరికా ఇందులో మొహమాటపడదు. సంక్షోభం నుంచి తీసుకొచ్చిన పౌరుడు ప్రయాణ ఖర్చు తిరిగి కడతానని ప్రామిసరీ నోటు రాసివ్వాలి. అక్కడి చట్టమే అంత. 2006లో లెబనాన్ నుంచి జనాన్ని ఓడలెక్కిస్తూ దీన్నే పాటించబోతే దేశంలో గోలగోల అయింది, చివరికి మాఫీ చేశారు. మనకీ అనుభవమే, 2020లో కోవిడ్ వేళ విదేశాల్లో చిక్కుకుని వందే భారత్ విమానాలెక్కినవాళ్లు టికెట్ కొనుక్కునే ఎక్కారు. ఆస్ట్రేలియా ఇంకో మెట్టు పైకెళ్లింది. 2021 మే నెలలో కొద్ది రోజుల పాటు, కోవిడ్ భయంతో, భారత్ నుంచి సొంత పౌరులే ఇంటికి తిరిగొస్తే అయిదేళ్ల దాకా జైలు, 66,600 ఆస్ట్రేలియా డాలర్ల దాకా జరిమానా అని ప్రకటించింది. అసలు రానివ్వకపోతే కాపాడే ఖర్చే ఉండదు కదా, ఇది మన వాళ్లకెందుకు తట్టలేదో.

చిక్కంతా ఒంటరిగా ఇరుక్కునేవాళ్లతోనే. యజమాని పాస్‌పోర్టు లాక్కున్నాడు, ఆరు నెలలుగా జీతం లేదు, ఒకే గదిలో పదిమంది, ఒంట్లో బాలేదు. ఇదేం సంక్షోభమండీ? బాంబు లేదు, భూకంపం లేదు, టీవీలో చూపించడానికి పొగ కూడా లేదు. ఒక్క మనిషికి ఏ నది పేరు పెడతాం, ఏ మంత్రిని పంపుతాం? అతనికి 2015 నుంచి 'మదద్' అనే పోర్టల్ ఉంది, ఫిర్యాదు పెట్టుకుంటే నంబరొస్తుంది, ఆ నంబరుతో ఫిర్యాదు ఎక్కడుందో చూసుకోవచ్చు. (మళ్లీ 'వచ్చు'.) అతను ఎక్కడున్నాడో అన్నది వేరే విషయం. 2009లో పెట్టిన భారతీయ సమాజ సంక్షేమ నిధి కూడా ఉంది. రాయబార కార్యాలయంలో పాస్‌పోర్టు పనికో ఇంకో పనికో వెళ్లినప్పుడల్లా ప్రవాసుల దగ్గర వసూలు చేసే చిన్న ఫీజు అందులో చేరుతుంది. అత్తసొమ్ము అల్లుడు దానం. ఆ దానమైనా ఊరికే రాదు, తన దగ్గర డబ్బుల్లేవని తేలాలి. ఆరు నెలలుగా జీతం అందనివాడు జీతం అందలేదని రుజువు చేసుకోవాలంటే జీతం ఎగ్గొట్టినవాడే కాగితమివ్వాలి.

అందుకని విదేశం వెళ్లేవాళ్లందరికీ నాదొక విన్నపం. ఇరుక్కోవాలనుకుంటే ఒంటరిగా వద్దు, కనీసం రెండు మూడు వేల మంది కలిసి ఇరుక్కోండి. విమానాశ్రయం ఉన్న ఊరు చూసుకోండి, ఎన్నికలు దగ్గర్లో ఉంటే మరీ మంచిది. ఫోన్ చార్జింగ్ దాచుకోండి, అమ్మకి కాల్ చేయడానికి కాదు, విమానంలో జైకొట్టే వీడియో తీయడానికి. ఈలోపు హెల్ప్‌లైన్‌కి చేసి చూడండి, ఎవరైనా ఎత్తవచ్చు.