పడ్డ మనిషిని ఎత్తే తీరు గురించి కూడా రాయాల్సింది
వెన్నెముకకి దెబ్బ తగిలి నరాలు నొక్కుకుపోతే 24 గంటల్లోపు ఆపరేషన్ అయితే కోలుకునే అవకాశం ఎక్కువ అని మీ వ్యాసంలో రాశారు, కరెక్టే, కానీ మా వైపు ఆస్పత్రికి తీసుకెళ్లే తీరులోనే సగం కొంప మునుగుతోంది. మా ఊళ్లో గీత కార్మికుడొకాయన తాటిచెట్టు మీంచి పడితే జనం పరిగెత్తుకెళ్లి ఒకరు చంకల కింద చేతులేసి, ఇంకొకరు కాళ్లు పట్టుకుని లేపి, నీళ్లు తాగించి, ఆటోలో కూర్చోబెట్టేశారు, మెడ వాలిపోతుంటే పక్కనున్నాయన భుజానికి ఆనించారు. సాయం చేద్దామనే చేశారు పాపం, కానీ విరిగిన పూస కదిలితే లోపల వెన్నుపాము ఇంకా నలుగుతుంది కదా, పడ్డప్పుడు కాళ్లు కదిపిన మనిషికి కూడా ఆస్పత్రికి చేరేసరికి కాళ్లు పడిపోయి ఉండొచ్చు. 108 వచ్చేదాకా అసలు కదపకూడదు, మరీ తప్పదంటే తల, మెడ, నడుం ఒకే వరుసలో ఉండేలా నలుగురు కలిసి దుంగని దొర్లించినట్టు ఒక్కసారే తిప్పి ఏ చెక్క మీదో తలుపు మీదో పడుకోబెట్టాలి. కొందరైతే ముందు నాటు కట్టు కట్టిద్దామంటారు, చెయ్యి విరగడం వేరు వెన్ను విరగడం వేరండీ బాబూ. తెలంగాణలో 2024 నుంచి గీత కార్మికులకి చెట్టు మీంచి జారిపడకుండా కాపాడే కాటమయ్య రక్షణ కవచం కిట్లు ఇస్తున్నారు, మంచిదే, అవి వాడటం నేర్పే ట్రైనింగ్‌లోనే పడ్డవాణ్ణి ఎలా ఎత్తాలో కూడా ఓ అరగంట చూపిస్తే బాగుండు.