సంఘం సైట్‌ను పోనివ్వకండి

ఈ ఉగాదికి పంచాంగ శ్రవణం అయ్యాక, భోజనాలకు లేచే ముందు, కమిటీ తరఫున ఒక మాట చెప్పారు. మన తెలుగు సంఘం వెబ్‌సైట్ ఇక ఉండదట. డొమైన్, అంటే సైట్ పేరు, గడువు అయిపోయింది, ఎలాగూ అందరం వాట్సాప్ గ్రూపులో ఉన్నాం కదా అన్నారు. చప్పట్లు కూడా పడ్డాయి. పాత సావనీర్లు, మన పిల్లలు మొదటిసారి స్టేజి ఎక్కిన ఫొటోలు, ఇక్కడికి ముందుగా వచ్చిన పెద్దలు రాసిన జ్ఞాపకాలు అన్నీ అందులోనే ఉండేవి. ఆ పూట నాకు పులిహోర సహించలేదు.

"ఇప్పుడు వెబ్‌సైట్లు ఎవరు చూస్తారండీ?" అన్నారు పక్కనున్నవారు. మా ఇంట్లో చూస్తారు. మాకో చిన్న ఫ్యామిలీ సైట్ ఉంది. ఆదివారం పొద్దున మావారు ఇడ్లీలు వేస్తుంటే, నేనూ మా అమ్మాయీ లాప్‌టాప్ ముందేసుకుని కూర్చుంటాం. తెనాలిలో అమ్మేసిన పెంకుటింటి ఫొటోలు, నాన్నగారి గొంతు, అత్తగారి పచ్చళ్లు అందులో పెట్టుకున్నాం. మొన్న గోంగూర పచ్చడి వంతు వచ్చింది. అత్తగారు ఫోన్లో "కారం కంటికి ఆనినంత వెయ్యి" అంటారు, మా అమ్మాయేమో "నానమ్మా, ఎన్ని స్పూన్లు?" అంటుంది. ఇద్దరూ తగ్గరు. తెలుగు నేర్పే మనబడి హోంవర్కంటే గొణిగే పిల్ల, తను పెట్టిన పేజీలో ఒత్తులు సగం తెగి కనిపిస్తే ఊరుకోలేదు. ఇంగ్లీషుకు సరిపోయే లైన్ హైట్, అంటే ఒక్కో వరుసకు ఇచ్చే ఎత్తు, మన ఒత్తులకు చాలదని కనిపెట్టి అక్షరం సైజుకు 1.8 రెట్లు చేసింది. "ఫ్రిజ్‌లో" అని కొడితే "లో" వెళ్లి జ కింద ఒత్తుగా కూర్చుంటోంది. మధ్యలో కంటికి కనబడని అక్షరం ఒకటి వేయాలని తనే వెతికి పట్టుకుంది. జ్‌లో ఉండే ఆ పొల్లు అంటే ఏమిటో ఆ రోజు నాకే పాఠం చెప్పింది.

"పిల్లకి జడ వెయ్యకుండా ఆ కంప్యూటరేమిటి అమ్మాయ్" అని అత్తగారు కోప్పడతారు. కోప్పడనివ్వండి. నానమ్మతో అంతసేపు తెలుగులో వాదించే అవకాశం ఈ పిల్లలకు ఇంకెక్కడ వస్తుంది?

వాట్సాప్ వద్దని నేననను. పెద్దవాళ్లకు అదే సులువు, కబురు క్షణంలో అందుతుంది. కానీ బ్యాకప్ లేకుండా ఫోన్ పోతే ఫొటోలూ పోతాయి. జనం పేజీలు, ఫొటోలు పెట్టుకున్న సైట్లు కూడా అంతే, జియోసిటీస్‌ను 2009లో, ఆర్కుట్‌ను 2014లో, గూగుల్ ప్లస్‌ను 2019లో మూసేశారు. వాటిలో మనం పెట్టుకున్న పెళ్లి ఫొటోలు ఎన్నో! సొంత సైట్‌కు ఏటా డబ్బు కట్టాలి, ఒకరు కనిపెట్టుకుని ఉండాలి, నిజమే. కమిటీ మారినప్పుడల్లా పాస్‌వర్డ్ పాతవారి మెయిల్లో ఉండిపోతుంది. రాత్రిళ్లు మేలుకుని పనిచేసే వాలంటీర్లను నేను తప్పుపట్టను. డాట్‌కామ్ పేరుకు ఒకేసారి 10 ఏళ్లకు కట్టేసి, ఖాతా ఇద్దరు ముగ్గురి చేతిలో ఉంచితే ఈ బాధ చాలావరకు తీరుతుంది.

దీపావళి సంబరాల్లో ముగ్గుల పోటీ పక్కన మాకొక టేబుల్ ఇవ్వండి. స్కానర్ మేమే తెస్తాం. ఇంట్లో పాత సావనీర్లున్నవారు పట్టుకురండి. సొంతంగా ఇంటి సైట్ పెట్టుకుంటామనే పిల్లలకు మా అమ్మాయి నేర్పుతుంది. పుట్టినతేదీలు, ఇంటి అడ్రసులు పెట్టకూడదని ముందే చెబుతుంది. పోయిన పేజీల్లో కొన్నయినా పాత వెబ్ పేజీల నకళ్లు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఉండొచ్చు, వాటిని నేను వెతుకుతాను. గడువు దాటిన డొమైన్‌ను పాత యజమానే వెనక్కి తీసుకోవడానికి కొన్ని వారాలే వీలుంటుంది. ఆ ఖాతా ఎవరి పేరున ఉందో ఈ వారమే కనుక్కోమని కమిటీ పెద్దలను చేతులు జోడించి అడుగుతున్నాను. ఆ డబ్బు మేం కడతాం.