తెల్ల పెచ్చు గారికి

మహారాజశ్రీ తెల్ల పెచ్చు గారికి,

అనంతపురం నుంచి తమ ఇంట్లో అద్దెకుంటున్నవాడు నమస్కరించి వ్రాయునది. రిజిస్ట్రేషన్ నా పేరు మీదే ఉంది, ఈఎంఐ నేనే కడుతున్నాను, అయినా ఇల్లు ఎవరిదో మనిద్దరికీ తెలుసు. ఉభయకుశలోపరి. తమరి క్షేమం అడగాల్సిన పని లేదు, షవర్‌కు సున్నంలా పేరుకున్న తమరిని చూస్తే తెలుస్తోంది. నలభై రంధ్రాల్లో ఇప్పుడు పదకొండు పనిచేస్తున్నాయి. అందులో మూడు గోడకు స్నానం చేయిస్తున్నాయి.

గృహప్రవేశం రోజు కొళాయిలు అద్దాల్లా మెరిశాయి. మూడో వారానికల్లా వాటి మూతి చుట్టూ గంధం పూసినట్టు తమరు కనిపించారు. శుభసూచకం అనుకున్నాం. 

ఊళ్ళో చాలా ఇళ్ళలాగే మాకూ రెండు కొళాయిలు. మంచినీళ్ళ కొళాయి చుట్టం లాంటిది, వచ్చినప్పుడే వస్తుంది. అదీ పాపం దూరాభారం నుంచి రావాలి: తుంగభద్ర డ్యాం, హెచ్చెల్సీ కాలువ, పెన్న అహోబిలం రిజర్వాయరు దాటుకుని. మిగతా అన్నిటికీ ఉప్పునీళ్ళ కొళాయే, అంటే బోరు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే చోట, పడిన ఆ కాసిన్ని నీళ్ళు రాతి సందుల్లోకి దిగి ఏళ్ళకేళ్ళు అక్కడే నానుతాయి. ఊరికే నానకుండా కాల్షియం, మెగ్నీషియం కరిగించుకుని, మోటారు వేయగానే తమరిని భుజాన వేసుకుని పైకొస్తాయి.

గీజర్ సంగతి చెప్పాలి. నీళ్ళు వేడెక్కితే అందులోని బైకార్బొనేటు విరిగి కార్బొనేటై రాడ్‌కు అతుక్కుంటుందట. అంటే కరెంటు బిల్లు కట్టి మరీ తమరికి ఇల్లు కట్టిస్తున్నది నేనే. పోయిన చలికాలం ప్లంబర్ ఆ రాడ్ బయటికి లాగి, కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, "అన్నా, ఇది గీజరా, సున్నం బట్టీనా?" అన్నాడు. ఆ ప్రశ్నకు కూడా విజిటింగ్ ఛార్జీ తీసుకున్నాడు.

కందిపప్పు విషయంలో మాత్రం తమరిని క్షమించలేను. పెళ్ళైన కొత్తలో పప్పు ఉడకడం లేదని మా అమ్మ ముందు అంగడివాణ్ణి అనుమానించింది, తర్వాత కుక్కర్‌ని, ఆ తర్వాత కోడలిని. నెల రోజులు ఇంట్లో మాటల్లేవు. ఒకరోజు మంచినీళ్ళు పట్టి తనే పప్పు వేసింది. నాలుగు విజిల్స్‌కి వెన్నలా ఉడికింది. అమ్మ ఏమీ అనలేదు. ఆ పూట కోడలిని కూర్చోబెట్టి, అడగకుండానే రెండోసారి వడ్డించింది. ఇప్పుడు మంచినీళ్ళు రాని రోజు ఇద్దరూ కలిసి బోరు నీళ్ళ పప్పులో చిటికెడు వంటసోడా వేసి, తమరిని తిట్టుకుంటూ వండుతున్నారు.

సబ్బు నురగ రాకుండా విరిగిన పాలలా బకెట్ అంచుకు పట్టడం తమరి పనే. తెల్ల చొక్కాలు మట్టి రంగుకు తిరగడం తమరి పనే. నా బట్టతలను కూడా తమరి ఖాతాలోనే రాశాను. మా నాన్నకూ బట్టతలే కదా, ఆయన చెరువు నీళ్ళతో పెరిగినవాడు కదా అని ఎవరూ గుర్తు చేయకుంటే చాలు.

తమరి పేరు చెప్పి బతికేవాళ్ళు ఎక్కువయ్యారు. మొన్నామధ్య నీళ్ళు శుద్ధిచేసే మెషిన్లు అమ్మే కుర్రాడొకడు టై కట్టుకుని వచ్చాడు. రెండు గ్లాసులు బల్ల మీద పెట్టాడు. ఒకదాంట్లో మా కొళాయి నీళ్ళు, రెండోదాంట్లో వాళ్ళ మెషిన్ నీళ్ళు. రెండింట్లో లోహపు కడ్డీలు ముంచి స్విచ్ వేశాడు. నిమిషంలో మా గ్లాసు బెల్లప్పాకం రంగుకు వచ్చింది, వాళ్ళది తేటగానే ఉంది. "మేడం, ఇన్నాళ్ళూ మీరు తాగింది ఇదీ" అన్నాడు. మా ఆవిడ మొహం పాలిపోయింది. పదో తరగతి చదివే మా అమ్మాయి లేచి వెళ్ళి, చిటికెడు ఉప్పు తెచ్చి వాళ్ళ గ్లాసులో వేసి, మళ్ళీ స్విచ్ వేయమంది. అదీ అదే రంగుకు వచ్చింది. ఉప్పూ లవణాలూ ఉన్న నీళ్ళలో కరెంటు పారుతుంది, పారితే కడ్డీలోని ఇనుము కరిగి తుప్పు రంగు తేలుతుంది, అంతే. "పాప షార్ప్ సార్" అంటూ కుర్రాడు కడ్డీలు తుడుచుకున్నాడు.

అయినా మెషిన్ కొన్నాం. ఎదురింటివాళ్ళు కొన్నారు మరి. ఒక లీటరు తాగడానికి రెండు మూడు లీటర్లు సింక్‌లోకి వదులుతుంది, అదీ అనంతపురంలో. దాంతోపాటు నీళ్ళలో మొత్తం ఎంత లవణం కరిగిందో చూపే టీడీఎస్ మీటర్ ఉచితం. మొదటి వారం ఇంట్లో అందరం దాన్ని థర్మామీటర్‌లా పట్టుకు తిరిగాం. బోరు నీళ్ళు 1,100, మెషిన్ నీళ్ళు 40, మిగిలిపోయిన చారు అంకె ఇక్కడ రాయను.

ఇక అసలు సంగతికి వస్తాను. తాగే నీళ్ళలో తమరు లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకుంటే మంచిదని, వేరే దిక్కు లేనప్పుడు 600 దాకా ఓర్చుకోవచ్చని మన దేశ ప్రమాణాలు చెబుతున్నాయి. అదే బోరు నీళ్ళలో ఉండి, ఎక్కువైతే పళ్ళకూ ఎముకలకూ చేటు చేసే ఫ్లోరైడ్‌కు ఆ ఓర్చుకునే హద్దు ఒకటిన్నర మిల్లీగ్రాములే. రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. కాచితే పోదు, నీళ్ళు తగ్గిన కొద్దీ చిక్కనవుతుంది. టీడీఎస్ మీటర్ దాన్ని పేరు పెట్టి పిలవలేదు. ఇంకో చిత్రం, కాల్షియం బాగా ఉన్న నీళ్ళలో సాధారణంగా ఫ్లోరైడ్ అంతగా నిలవదట. తమరు కొంత కాపలా కూడా కాస్తున్నారన్నమాట.

చిన్నప్పుడు మా అవ్వ వాళ్ళ ఊళ్ళో ఒక బోరింగ్ ఉండేది. సబ్బు అలా ముట్టుకుంటే ఇలా నురగ. తీపి నీళ్ళని పక్కవీధి వాళ్ళు కూడా బిందెలతో వచ్చేవారు. ఆ వీధి పిల్లల పళ్ళ మీద గోధుమరంగు చారలుండేవి. గారపళ్ళోళ్ళని, పళ్ళు తోముకోరని వెక్కిరించేవాళ్ళం. వాళ్ళలో ఒకడు బొగ్గుతో చిగుళ్ళు రక్తం కారేదాకా తోముకునేవాడు. 1990ల మధ్యలో జిల్లాలో ఏడొందలకు పైగా ఊళ్ళకు సత్యసాయి నీళ్ళ పథకం వచ్చినప్పుడు, ఎందుకొచ్చిందో పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే విన్నాను. అప్పటికి మా వెక్కిరింతలన్నీ అయిపోయాయి.

ఇన్నేళ్ళుగా తమరి కోసం యాసిడ్ కొన్నాను, నిమ్మకాయలు కొన్నాను, షవర్లు మార్చాను, మెషిన్ కొన్నాను. ఫ్లోరైడ్ కోసం ఒక్క రూపాయి పెట్టలేదు. అందుకే మొన్న ఆదివారం ల్యాబ్‌కు పంపడానికి బోరు నీళ్ళు సీసాలో పట్టాను. గాజుది వద్దు, ప్లాస్టిక్‌దే కావాలన్నారు. పొద్దున సీసా తీసుకుని బయల్దేరబోతూ చూద్దును కదా, మూత చుట్టూ అప్పుడే తమరు తెల్లగా కూర్చుని ఉన్నారు.

ఇట్లు,
తమ విధేయుడు,
ఉప్పునీళ్ళ కొళాయి కింద బకెట్ పెట్టినవాడు