బస్సు ఆగును, పరిగెత్తుడు

హైదరాబాద్ సిటీ బస్సు స్టాపులో ఆగదని కొందరు గిట్టనివాళ్లు ప్రచారం చేస్తున్నారు. గట్టిగా ఖండించాల్సిన మాట. ఆగుతుంది. స్టాపుకి ముప్పై గజాల ఇవతల ఆగుతుంది. యాభై గజాల అవతల ఆగుతుంది. రోడ్డు నడిమధ్య, ఎడమవైపు రెండు ఆటోలూ ఒక వాటర్ ట్యాంకరూ అడ్డంగా ఉండగా ఆగుతుంది. ఎర్ర లైటు పడితే చచ్చినట్టు ఆగుతుంది, కాకపోతే అప్పుడు ఎక్కబోతే తిడతారు. ఇన్ని చోట్ల ఆగే బస్సు ఒక్క షెల్టరు ముందు ఆగలేదని పట్టుకుని సాగదీయడం కృతఘ్నత కాక మరేమిటి?

ఆ షెల్టరు మాత్రం తక్కువదా! వెనకాల నిలువెత్తు అపార్ట్‌మెంట్ల ప్రకటన. స్విమ్మింగ్ పూల్ ఒడ్డున నవ్వుతున్న కుటుంబం. వాళ్ల మొహాలు చూస్తేనే తెలుస్తుంది, ఆ ఇంటి వంశంలో ఎవరూ ఎప్పుడూ బస్సు కోసం నిలబడలేదని. కింద కూర్చోవడానికి ఒక స్టీలు గొట్టం. దాని మీద కూర్చుంటే జారిపోతాం, నిలబడితే నడుము లాగుతుంది. ఈ రెండిటికీ మధ్య ఏదో ఆసనం ఉందని యోగా తెలిసినవాళ్లు అంటారు. 2018లో ఖైరతాబాద్ లాంటి చోట్ల ఏసీ షెల్టర్లు కూడా తెరిచారు. అద్దాల గది, చల్లగాలి, ఫోన్ ఛార్జింగ్. ఆలోచన బంగారం. చిక్కల్లా, బస్సు ఆ అద్దాల గది దగ్గరికి రాదు. చల్లగా కూర్చున్నవాడు బస్సు చూసి, లేచి, తలుపు తోసుకుని బయటపడేసరికి అది తర్వాతి సిగ్నల్ దగ్గర ఉంటుంది. ఎండలో మాడుతూ రోడ్డు మీద నిలబడ్డవాడే ఎక్కుతాడు. అందుకే అనుభవం ఉన్న ప్రయాణికుడు షెల్టరు వైపు చూడను కూడా చూడడు. జనం రోడ్డెక్కి నిలబడతారు కాబట్టి బస్సు స్టాపులోకి రాదు. బస్సు స్టాపులోకి రాదు కాబట్టి జనం రోడ్డెక్కి నిలబడతారు. మధ్యలో ఖాళీగా ఉన్న బస్ బేలో మిర్చి బజ్జీల బండి, దాని చుట్టూ బైకులు, దాని పక్కన షేర్ ఆటోలు. ప్రజాధనంతో కట్టిన ఆ స్థలం ఎవరికీ ఉపయోగపడలేదని మాత్రం అనలేం.

కాబట్టి ప్రభుత్వాన్ని అడగడం మానేసి, మన ఊరి ఆచారం ప్రకారం దీనికి కూడా ఒక కోచింగ్ సెంటర్ పెట్టేయడం ఉత్తమం. చోటు వెతకక్కర్లేదు. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల ఏ మెట్లెక్కినా పైన క్లాస్‌రూమే. జావా, టెస్టింగ్, డేటా సైన్స్ బోర్డుల మధ్య ఇంకో బోర్డు తగిలిస్తే సరి: ‘సిటీ బస్ క్యాచింగ్. 45 రోజుల కోర్సు. సీనియర్ ఫ్యాకల్టీ. రియల్ టైమ్ బస్సులతో శిక్షణ. డెమో క్లాస్ ఉచితం.’ కిందే బస్ స్టాపు ఉంది కనక ల్యాబ్ ఖర్చు కూడా లేదు.

ఫ్యాకల్టీగా, ఉద్యోగం చేసినన్నాళ్లూ కోఠి నుంచి పటాన్‌చెరు దాకా 218 నెంబరు బస్సులోనే తిరిగి రిటైరైన హెడ్ క్లర్కు గారిని తీసుకోవాలి. ఆయన మొదటి రోజు క్లాసులోకి వస్తూనే బోర్డు మీద ఒక చతురస్రం గీసి, దాన్ని కొట్టేస్తారు.

“ఇది స్టాపు. దీన్ని మర్చిపోండి. స్టాపుని చూస్తూ నిలబడినవాడు స్టాపులోనే ఉండిపోతాడు. డ్రైవర్ మెడ చూడండి. మెడ ఎడమకి తిరిగిందా, ఆగే ఉద్దేశం ఉంది. నిటారుగా ఉందా, లేదు. ఎడమ ఇండికేటర్‌ని మాత్రం నమ్మకండి. అది పొద్దున డిపోలో వేసింది.”

“చెయ్యెత్తితే ఆగదా సార్?” అని వెనక బెంచీ కుర్రాడు.

“చెయ్యెత్తితే ఆటో ఆగుతుంది నాయనా. బస్సు ఆగాలంటే లోపల దిగేవాడు ఉండాలి. ఫుట్‌బోర్డు మీద, బ్యాగు పొట్టకి తగిలించుకుని ఒక కాలు గాల్లో పెట్టినవాణ్ణి వెతుకు. వాడు దిగుతాడు. వాడెక్కడ దూకుతాడో అదే నీ స్టాపు.”

క్లాసంతా నోట్సు రాసుకుంటుంది.

రెండో వారం నెంబరు చదవడం. ఎదుటి బోర్డు మీది నెంబరు పగలు ఎండకి కనపడదు, రాత్రి లైటు లేక కనపడదు. పక్క బోర్డు కనపడేసరికి బస్సు మనల్ని దాటుతూ ఉంటుంది. వెనక అద్దం మీది నెంబరు మాత్రం దివ్యంగా కనిపిస్తుంది. అది చదివి ‘అయ్యో, మనదే’ అనుకునేవాళ్లకి సప్లిమెంటరీ బ్యాచ్ విడిగా నడుపుతారు. మూడో వారం కమ్మీ పట్టు. నాలుగో వారం కండక్టర్‌తో వైవా. “పైకి జరుగుండ్రి, లోపల మస్తు జాగా ఉంది” అని కండక్టర్ అన్నప్పుడు, ఆ జాగా ఎక్కడుందో చూపించమని అడిగిన అభ్యర్థి అక్కడికక్కడే ఫెయిల్. ఇరవై రూపాయల టికెట్‌కి ఐదొందల నోటు తీసినవాణ్ణి ఇన్‌స్టిట్యూట్ నుంచే పంపించేస్తారు, ఫీజు వాపసు లేదు.

చివరి పరీక్ష సాయంత్రం ఆరున్నరకి, సన్నగా వాన పడుతుండగా, మెట్రో పిల్లర్ల కింద. అభ్యర్థికి కావాల్సింది 218. రూలు ప్రకారం ముందు 10హెచ్‌లు మూడు వరసగా వస్తాయి. అంతసేపూ వాటిని తిట్టుకోకుండా నిలబడాలి, దానికి ఐదు మార్కులు. ఆ తర్వాత 218 వస్తుంది, ఆగినట్టే వేగం తగ్గిస్తుంది, జనం అటు పరిగెత్తగానే కదిలి ముందుకెళ్తుంది, అక్కడ ఆగుతుంది, జనం అక్కడికి చేరేలోపు మళ్లీ కదులుతుంది. ఇందులో నెగ్గినవాడికి, అమీర్‌పేటలో అలవాటే కనక, 218లో మూడేళ్ల ఫుట్‌బోర్డు అనుభవం ఉన్నట్టు ఒక సర్టిఫికెట్ కూడా ఇప్పిస్తారు. దానికి ఫీజు వేరు. ఎవరైనా గుచ్చి అడిగితే తడబడకుండా ‘మియాపూర్ డిపో సార్’ అనాలి.

అర్హతలు బోర్డు అడుగున చిన్న అక్షరాల్లో ఉంటాయి. వయసు నలభై లోపు. రెండు మోకాళ్లూ పనిచేస్తూ ఉండాలి. చంకలో పిల్ల, నెత్తిన గంప, ఒంటి మీద చీర ఉండరాదు. గర్భిణులు అప్లై చేయనక్కర్లేదు.

తమాషా ఏమిటంటే, ఈ అర్హతలు ఉన్నవాడు అసలు బస్సెక్కడు. కాళ్లలో సత్తువ, ఫోన్లో డబ్బు ఉన్న కుర్రాడు బైక్ ట్యాక్సీ పిలిపించుకుని ఎప్పుడో వెళ్లిపోయాడు. స్టాపులో మిగిలేది కొండాపూర్ ఫ్లాట్లలో గిన్నెలు తోమడానికి రెండు బస్సులు మారి పోయే మనిషి. రాత్రి డ్యూటీ దిగి ఇంటికెళ్లే ఆస్పత్రి ఆయా. గుడిమల్కాపూర్ మార్కెట్ నుంచి పూల గంపతో తిరిగే ముసలమ్మ. పరుగు పందెం పెట్టింది వీళ్లకి.

2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద తెలంగాణలో ఆడవాళ్లకి బస్సు ప్రయాణం ఉచితం. అప్పటినుంచి కొందరు డ్రైవర్లకి కంటిచూపు అమోఘంగా మెరుగుపడింది. స్టాపులో నిలబడింది ఆడవాళ్లో మగవాళ్లో ఫర్లాంగు దూరం నుంచే తెలుస్తుంది. అందరూ ఆడవాళ్లే అయితే బస్సు కుడికి తీసి, రోడ్డు అవతలి అంచున పోతుంది. “ఆపు బిడ్డా, ఆపు” అంటూ ముసలమ్మ బస్సు పక్కన చేత్తో చరుస్తూ పరిగెడుతుంది. లోపల కిటికీ సీట్లో కూర్చున్న పెద్దమనిషి, ఇస్త్రీ చొక్కా నలగకుండా, “ఫ్రీ గాళ్లే కదా, ఎనక బండికి వస్తరు తియ్” అంటాడు. పక్కనున్నవాళ్లు నవ్వుతారు.

అయ్యా పెద్దమనిషీ, అది ఫ్రీ కాదు. ఆమెకి కొట్టే ఆ జీరో టికెట్ డబ్బు ఆర్టీసీకి కట్టాల్సింది సర్కారు. సర్కారుకి ఆ డబ్బు ఆకాశం నుంచి రాలదు. ఆమె కొన్న సబ్బు బిళ్ల మీద, ఆమె మొగుడు తాగిన క్వార్టరు మీద వసూలు చేసిందే. నీ ఆఫీసుకి నువ్వు పదింటికి వెళ్లినా అడిగే నాథుడు లేడు. ఆమె ఎనిమిదింటికి వెళ్లకపోతే ‘రేపట్నించి రావద్దు’ అంటారు, ఆ అనేది కూడా నీ ఇంట్లోవాళ్లే. కదులుతున్న బస్సు మెట్టు మీద కాలు జారితే ఆమె కింద వెనక టైరు ఉంటుంది. అప్పుడు కూడా ‘రన్నింగ్ బస్ ఎక్కబోయి’ అని రాస్తారు, తప్పు ఆమెదే అయినట్టు! రన్నింగ్‌లో ఎక్కాలని ఆమెకేమన్నా సరదానా? మీరు ఆపితే కదా ఆమె ఆగిన బస్సెక్కేది!

ఈ ఊళ్లో బస్సులకి ఒక చరిత్ర ఉంది. 1932లో నిజాం రాష్ట్ర రైల్వేలో భాగంగా 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైన సర్వీసు ఇది. బస్సు నెంబర్లలో ‘జడ్’ అనే అక్షరం నిజాం తన తల్లి జహ్రా బేగం పేరు మీద పెట్టించాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఏ తల్లి పేరో నెంబరు ప్లేటు మీద మోసుకుంటూ తిరిగే బండి, రోడ్డు మీద నిలబడ్డ తల్లిని చూసి గేరు మారుస్తుంది.

డ్రైవర్ల మీద పడి ఏడవడం సులువు. నేనూ ఇందాక ఒక రాయి వేశాను, వెనక్కి తీసుకోను. కానీ ఆయన పరిస్థితి కూడా చూడండి. వందమంది వేలాడుతున్న బస్సు, ఎడమవైపు జాగా ఇవ్వని ఆటోలు, ట్రిప్పు ఆలస్యమైతే డిపోలో సంజాయిషీ. 2019లో ఆర్టీసీ కార్మికులు 52 రోజులు సమ్మె చేశారు. అది ముగిశాక సిటీలో వెయ్యి దాకా బస్సులు తగ్గించారు. జనం కోటి దాటారు, బస్సులు తగ్గాయి, ఆ తర్వాత సగం జనాభాకి ఉచితంగా ఎక్కమన్నారు. ఈ మూడు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూసిన అధికారి ఒక్కడైనా ఉండి ఉంటాడు. చూసి, ఫైలు మూసి, కారెక్కి ఉంటాడు. పక్కన బెంగళూరులో ఆరు వేలకి పైగా సిటీ బస్సులు తిరుగుతున్నాయి. అక్కడివాళ్లు అవి చాలవని గొడవ పెడుతున్నారు. మనకి ఆ దురాశ లేదు. మూడు వేలతో సర్దుకుపోతున్నాం.

స్టాపు ఎక్కడుందో వ్యవస్థకి తెలియదని అనుకుంటే మళ్లీ పొరపాటే. బ్రహ్మాండంగా తెలుసు. 2025 అక్టోబర్‌లో సిటీ బస్సు ఛార్జీలు పెంచినప్పుడు, మొదటి మూడు స్టేజీల వరకు ఐదు రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి పది రూపాయలు అదనమన్నారు. స్టేజీ అంటే గాల్లో ఉండేది కాదు, ఫలానా స్టాపు నుంచి ఫలానా స్టాపు దాకా. ఒక్క గజం అటు దాటితే మిషన్ పది రూపాయలు కొడుతుంది. మనం ఎక్కింది స్టాపుకి యాభై గజాల అవతల కదా, దిగింది ఇంకో అరవై గజాల అవతల కదా, ఆ నడిచిన దూరానికి ఏమన్నా తగ్గిస్తారా అని అడిగి చూడండి. కండక్టర్ మొహంలో ఆ రోజు మొదటిసారి నవ్వు కనిపిస్తుంది.

పెంచిన డబ్బు దేనికంటే, సిటీలో డీజిల్ బస్సుల స్థానంలో 2,800 ఎలక్ట్రిక్ బస్సులు తెస్తారట, వాటికి డిపోలూ ఛార్జింగ్ స్టేషన్లూ కావాలట. తీసుకురండి. పొగ తగ్గుతుంది, ఎవరు కాదంటారు? కాకపోతే ఇన్నాళ్లూ మలుపు అవతల ఇంజిన్ రొద వినే ముసలమ్మ గంప నెత్తికెత్తుకుని సిద్ధమయ్యేది. కొత్తవి చప్పుడు చేయకుండా వచ్చి, చప్పుడు చేయకుండా వెళ్లిపోతాయి. అదీ భరిస్తాం. తేల్చి చెప్పాల్సింది ఒకటుంది: స్థానంలో సరే, అదనంగా ఎన్ని?