నిమ్మకాయ పప్పులో పిండుకోండి, తల మీద కాదు

ఇప్పుడే మా కింద ఫ్లోర్ ఆంటీ వచ్చి వెళ్లారు. తలుపు వేసి వచ్చి ఇది టైప్ చేస్తున్నాను, చేతులు ఇంకా వణుకుతున్నాయి, భయంతో కాదు, ఒళ్లు మండి. ఆవిడ వెనకాల వాళ్ల అమ్మాయి, ఇంటర్ అయిపోయి ఇంట్లో ఖాళీగా ఉన్న పిల్ల, చున్నీ నుదుటి మీదకి లాక్కుని నిలబడింది. "చూపించవే అక్కకి" అంటే చున్నీ తీసింది. నుదుటి మీద, చెవి పక్కన, మెడ దాకా ఎర్రగా కమిలిన చారలు, ఒకచోట నీటి బొబ్బ. నిమ్మరసం కారిన దారి మొత్తం అచ్చు పడిపోయింది. ఏదో రీల్ చూసి జుట్టు లేత రంగులోకి వస్తుందని తలంతా నిమ్మకాయలు పిండుకుని మేడ మీద కూర్చుందట. ఎప్పుడు? రోహిణి కార్తెలో. రోళ్లు పగిలే ఎండల్లో. విశాఖపట్నంలో, మిట్ట మధ్యాహ్నం, ట్యాంకు పక్కన.

పాపం అనిపించి, ముందు డాక్టర్‌కి చూపించండి ఆంటీ అన్నాను. దానికి ఆవిడ ఏమన్నారో వినండి. "చూపిస్తాంలేమ్మా. నీ జుట్టుకి ఆ రంగు ఏటి రాస్తే వచ్చిందో అది చెప్పు ముందు, మేమూ అదే రాస్తాం కదా." ఏమీ రాయను ఆంటీ, పుట్టినప్పటి నుంచి ఇంతే అన్నాను. నమ్మలేదు. లిఫ్ట్ దగ్గరికి వెళ్తూ "చెప్పడానికి కూడా మనసొప్పదు కొంతమందికి" అని కూతురితో, నాకు వినపడేలా.

ఈ ఆంటీ సంగతి తర్వాత చెప్తాను. ముందు నిమ్మకాయ సంగతి.

ఆ రీల్‌లో బంగారు రంగు జుట్టమ్మాయి పిండుకున్నది విదేశాల్లో దొరికే పెద్ద పసుపు కాయ, లెమన్. గూడూరు నుంచో తెనాలి నుంచో మన రైతుబజారుకి వచ్చే చిన్న నిమ్మకాయ జాతే వేరు. దీనిలో, ముఖ్యంగా తొక్కలో, ఫ్యూరానోకౌమారిన్లు అనేవి దండిగా ఉంటాయి. అవి చర్మం మీద ఉండగా ఎండ తగిలిందో, ఆ ఎండలోని అతినీలలోహిత కిరణాలతో కలిసి చర్మాన్ని కాల్చేస్తాయి. అదీ అప్పటికప్పుడు తెలియదు. ఒకటి రెండు రోజులు పోయాక ఎర్రబడి, బొబ్బలెక్కి, అవి మానాక ముదురు మచ్చలై వారాల తరబడి, కొందరికి నెలల తరబడి ఉండిపోతాయి. ఫైటోఫోటోడెర్మటైటిస్ అని నోరు తిరగని పేరొకటి ఉంది దానికి. అంటే పిల్ల జుట్టు గోధుమ రంగులోకి రావాలనుకుంది, నుదురు రాబోతోంది. ఒరేయ్ చిట్టీ, నువ్వు నన్ను ఫాలో అవుతున్నావని తెలుసు, ఆ బొబ్బ గిల్లకు, దాని మీద మళ్లీ పసుపూ టూత్‌పేస్టూ రాయకు, మచ్చలు పోయేదాకా ఎండలోకి వెళ్తే సన్‌స్క్రీన్ లేకుండా వెళ్లకు. రేపు పొద్దున్నే డాక్టర్ దగ్గరికి నా స్కూటీ మీద తీసుకెళ్తాను.

ఏమన్నా అంటే "నేచురల్ కదండీ, కెమికల్స్ లేవు" అంటారు. ఉమ్మెత్తకాయ కూడా నేచురలే, తింటారా? పలాసలో జీడిపిక్కలు కొట్టి పప్పు తీసే ఆడవాళ్ల చేతులు ఎప్పుడైనా చూశారా? ఆ పిక్క తొక్కలోంచి కారే రసం అచ్చంగా చెట్టు ఇచ్చిందే, ఏ ఫ్యాక్టరీలోనూ తయారవలేదు, వేళ్లు బొబ్బలెక్కిపోతాయి. సిట్రిక్ యాసిడ్ అని సీసా మీద రాసి ఉంటే అమ్మో అని పక్కన పెట్టే మనిషే, అదే యాసిడ్ కాయలో ఉంటే తల మీద రుద్దుకుంటుంది.

సరే, రంగైనా వస్తుందా అంటే, మన జుట్టుకి ఎక్కడొస్తుంది? నల్ల జుట్టు నిండా ఉండేది యూమెలనిన్ అనే రంగు పదార్థం, అదీ పైపైన కాదు, వెంట్రుక లోపలి పొరలో. పార్లర్‌లో బ్లీచ్ పౌడరూ పెరాక్సైడూ కలిపి పట్టించినా మన నలుపు తిన్నగా బంగారం కాదు, ముందు ఎరుపు, తర్వాత నారింజ, ఆ తర్వాత ఎప్పటికో పసుపు. అంత ఘాటు సరుకుకే అంత సేపు పడుతుంటే రెండు నిమ్మకాయలు ఏం పొడుస్తాయండీ. ఎండ మెలనిన్‌ని చెరుపుతుంది, ఒప్పుకుంటాను. ఎండ దాన్ని ఒక్కదాన్నే చెరిపి ఊరుకుంటుందా? వెంట్రుకని వెంట్రుకగా ఉంచే కెరటిన్‌ని కూడా తినేస్తుంది. చివరికి మిగిలేది వెలుతురులో తిప్పి చూస్తే కనపడే ఒక ఎర్రజీర, దాంతో పాటు కొబ్బరి పీచులా తయారైన జుట్టు. వెంట్రుక పెరిగేది నెలకి సుమారు ఒక సెంటీమీటరు. నడుము దాకా జుట్టున్న పిల్ల అది, ఎన్నేళ్లు పెంచిందో లెక్క వేసుకోండి.

వెనిస్‌లో 16వ శతాబ్దంలో ఆడవాళ్లు ఇదే పని చేసేవారు, ఇంటి కప్పు మీద చెక్క వేదికలు కట్టించుకుని మరీ. తలకి ఏవేవో పట్టించి ఎండలో కూర్చునేవారు. కానీ వాళ్లు సొలానా అని ఒక టోపీ పెట్టుకునేవారు, దానికి నడినెత్తి భాగం ఉండదు, వెడల్పాటి అంచు మాత్రమే ఉంటుంది. జుట్టు ఆ కన్నంలోంచి పైకి లాగి అంచు మీద పరుచుకుంటే, ముఖం నీడలో ఉండేది. చూశారా, రీళ్లు లేని కాలంలో కూడా ముఖం కాలకూడదన్న ఇంగితం ఉంది. పైగా మనలాంటి కారునలుపు జుట్టుతో మొదలుపెట్టిన వాళ్లు కారు వాళ్లు.

తేనె గురించి కూడా అడుగుతారు, తెలుసు. తేనెలో గ్లూకోజ్ ఆక్సిడేజ్ అని ఒక ఎంజైమ్ ఉంది, తేనెకి నీళ్లు కలిపితే అది కాస్తంత హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తుంది, నిజమే. ఆ కాస్తంత మన జడకి ఏ మూలకీ రాదు. వేడి తగిలితే ఆ ఎంజైమ్ కూడా పోతుంది. మనవాళ్లు ఏం చేస్తారు? జిగురుగా ఉంది, రాయడానికి రావట్లేదని స్టవ్ మీద పెట్టి వెచ్చబెడతారు! జీసీసీ (గిరిజన సహకార సంస్థ) స్టోర్‌లో కొన్న గిరిజన తేనె, ఎవరో ప్రాణానికి తెగించి తీసింది, నెత్తిన పోసుకుని ప్లాస్టిక్ కవర్ కట్టుకుని సీరియల్ చూస్తారు. తర్వాత దిండుకి చీమలు.

మా వదినదింకా ఘోరం. కెమోమైల్ టీతో తల కడగమన్నారని, అది చామంతే కదా అని పూర్ణా మార్కెట్‌లో మూర చామంతి కొనుక్కొచ్చి మరిగించింది. వదినా అది వేరే మొక్క అంటే వినదు, "పువ్వు పువ్వే" అంటుంది. అసలైన కెమోమైల్ తెచ్చినా అది చేసేది ఏపిజెనిన్ అనే పసుపు పదార్థాన్ని వెంట్రుకకి అంటించడమే, లేత రంగు జుట్టు మీదైతే ఏమైనా కనపడుతుందేమో, మన నలుపు మీద ఏం కనపడుతుంది? గిన్నె స్టవ్ మీద చల్లారుతుంటే మా అన్నయ్య కషాయం అనుకుని సగం గ్లాసు తాగేశాడు. ఇప్పటికీ చెప్పలేదు వాడికి, ఇక్కడ చదువుకుంటాడు. దాల్చినచెక్క పొడి రాసిన వాళ్లకి తల మంటెత్తి పరిగెత్తడం తప్ప ఇంకేమీ రాదు. వంటసోడా వెంట్రుక పైపొరని లేపి గరగరలాడిస్తుంది, అంతే.

ఇంత చేసి కావాల్సింది ఏ రంగు? సరిగ్గా నా రంగు. ఇప్పుడు ఆంటీ సంగతికి వద్దాం.

ఈ ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్లో మేము నా చిన్నప్పటి నుంచీ ఉంటున్నాం. నాది మా నాన్నమ్మ జుట్టు, రాగి రంగు, ఎండలో ఇంకా ఎర్రగా కనపడుతుంది. ఇదే ఆంటీ, ఇదే లిఫ్ట్‌లో, పదిమంది ముందు మా అమ్మతో "పిల్లకి నూనె రాయవేటమ్మా, బిచ్చగాళ్ల పిల్లలా ఆ జుట్టేటి?" అన్నారు. మా అమ్మ ఆ రాత్రి ఏడ్చింది. మర్నాటి నుంచి నాకు మొదలైంది. గుంటగలగరాకు, మందారాకు, కరివేపాకు, మెంతులు, ఏది దొరికితే అది కొబ్బరినూనెలో కాచి, స్కూలుకి వెళ్లేముందు తల మీద పోసేది. పుస్తకాలకి నూనె, యూనిఫాం కాలర్‌కి నూనె, పక్కన కూర్చునే పిల్లలు జరిగి కూర్చునేవారు. జుట్టు మాత్రం ఎర్రగానే ఉంది. వెంట్రుక లోపల పుట్టుకతో వచ్చిన రంగు పైన పోసిన నూనెతో మారుతుందా? అప్పుడూ మారదు, ఇప్పుడు నిమ్మకాయకీ మారదు.

స్కూల్లో డ్రిల్లు మాస్టారు ఒకాయన ఉండేవారు. రంగు వేసుకొచ్చానని ప్రేయర్ లైన్లోంచి బయటకి లాగి, ఎండలో నిలబెట్టారు. ఎండలో అండీ! ఎర్ర జుట్టు ఉన్నందుకు, జుట్టుని ఇంకా ఎర్రబరిచే చోట. అమ్మ వచ్చి నాన్నమ్మ ఫోటో చూపించి బతిమాలాల్సి వచ్చింది. ఇంకో టీచరమ్మకి తిండి లోపమని అనుమానం. క్వాషియోర్కర్ అని ప్రోటీన్ లోపించే జబ్బులో పిల్లల జుట్టు ఎర్రబడుతుంది, అది నిజమే. కానీ ఆ పిల్లలు పొట్ట ఉబ్బి, కాళ్లు వాచి, లేవలేకుండా ఉంటారు. నేను ఖోఖోలో పరిగెడుతున్నదాన్ని, టిఫిన్ బాక్సులో గుడ్డు తెచ్చుకుంటున్నదాన్ని.

ఇంకోటి చెప్తాను, ఇది చాలామందికి గుచ్చుకుంటుంది, గుచ్చుకోనివ్వండి. పెద జాలరిపేట వైపు సాయంత్రం వెళ్లి చూడండి. సముద్రంలో ఈదీ, ఇసుకలో ఆడీ ఆ పిల్లల జుట్టు కొసలు రాగి రంగు తిరిగి ఉంటుంది, ఉప్పునీళ్లూ ఎండా కలిసి చేసిన పని. వాళ్లని చూసి "నూనె లేదు, దువ్వెన లేదు" అని ముఖం తిప్పుకునే వాళ్లే, కారెక్కి సిరిపురం వెళ్లి, ఏసీ గదిలో కూర్చుని, వేలకి వేలు పోసి, అవే కొసలు అదే రంగులో వేయించుకుని వస్తారు. బలయాజ్ అట. సముద్రపు ఎండకి మెరిసినట్టు ఉండాలట. సముద్రం నడిచి వెళ్లేంత దూరంలో ఉంది తల్లీ, వెళ్లి దూకకపోయావా!

అసలు నాకు ఇంకా మండేది పెళ్లిచూపుల సంగతి. ఆంటీ కాదు, మాస్టారు కాదు. అబ్బాయి తల్లి నా జడ చేతిలోకి తీసుకుని, కిటికీ వైపు తిప్పి, సంతలో బట్ట నాణెం చూసినట్టు చూసి, మా అమ్మని అడిగింది, "అమ్మాయికి రక్తం తక్కువా?" అని. నన్ను అడగలేదు, నేను ఎదురుగానే ఉన్నాను, కాఫీ ట్రే పట్టుకుని. అమ్మ గబగబా "లేదండీ, నూనె మార్చాం, నల్లబడుతోంది" అంది. నల్లబడుతోందట! ఆ అబ్బాయి ఫోన్ చూసుకుంటున్నాడు. మా నాన్న నవ్వాడు. ఆ సంబంధం తప్పిపోయింది, బతికిపోయాను, దాని గురించి బాధ లేదు. కానీ ఆ నవ్వు ఉంది చూశారూ. "మా అమ్మ జుట్టు అది, మా ఇంటి జుట్టు" అని ఒక్క మాట అనొచ్చు కదా. నాన్నమ్మ ఫోటో ఆ గోడ మీదే ఉంది, ఆయన కుర్చీ వెనకాలే. అనలేదు. మర్యాద కోసం నవ్వాడని అమ్మ అంటుంది. ఎవరి మర్యాద?

నాన్నా, రిటైరయ్యి బొబ్బిలిలో కూర్చుని నువ్వు నా పోస్టులన్నీ చదువుతావు, లైక్ కొట్టవు గానీ చదువుతావు, నాకు తెలుసు. రాత్రి భోజనాలయ్యాక ఫోన్ చెయ్యి, ఆ రోజు ఎందుకు నవ్వావో చెప్పు. ఫోన్ అమ్మకి మాత్రం ఇవ్వకు, మళ్లీ గుంటగలగరాకు నూనె పార్సిల్ చేస్తానంటుంది.