పద్దెనిమిది వందల డాలర్ల బోనస్

మా పిన్ని కొడుకు డాలస్‌లో ఉంటాడు. 2024 జనవరి చివర్లో వాళ్ళ కంపెనీ ఒకేసారి చాలామందిని తీసేసింది, అందులో వీడూ ఉన్నాడు. మార్చిలో వేరే ఉద్యోగం దొరకడంతో హెచ్‌1బి వీసా గండం గడిచింది. మే నెలలో ఒక రాత్రి ఫోన్ చేశాడు. "అన్నా, పాత కంపెనీ 401కెలో లక్షా ఎనభై వేలున్నాయి కదా. ఐఆర్ఏలోకి మారిస్తే ఒక శాతం బోనస్ ఇస్తారట. ఊరికే పద్దెనిమిది వందలు వస్తాయి, మార్చేస్తున్నా" అన్నాడు. "మంచిదే కదరా, మార్చెయ్" అన్నాను. అప్పటికి నాకు తెలిసింది అంతే. 401కె అంటే కంపెనీ ద్వారా జీతంలోంచి పొదుపు చేసే రిటైర్మెంట్ ఖాతా, ఐఆర్ఏ అంటే మనమే సొంతంగా తెరుచుకునేది. రెండింట్లోనూ మామూలుగా పన్ను ఇప్పుడు కాకుండా, డబ్బు తీసుకున్నప్పుడు పడుతుంది.

మరుసటి ఏడాది మార్చిలో నేను వాళ్ళింట్లోనే ఉన్నాను. డైనింగ్ టేబుల్ మీద ట్యాక్స్ కాగితాలు పరుచుకుని కూర్చున్నాం. రాత్ ఐఆర్ఏ అని ఇంకోటుంది, పన్ను కట్టేసిన డబ్బు వేసి, రిటైరయ్యాక పన్ను లేకుండా తీసుకునేది. వాడు, మరదలు ఇద్దరూ సంపాదిస్తారు, ఆదాయం పరిమితి దాటింది కాబట్టి అందులో నేరుగా డబ్బు వేసే అర్హత లేదు. అందుకని మనవాళ్ళు చాలామంది చేసినట్టే వాడూ ఏటా బ్యాక్‌డోర్ రాత్ చేస్తాడు. అంటే పన్ను కట్టేసిన 7,000 డాలర్లను మామూలు ఐఆర్ఏలో వేసి, వెంటనే రాత్‌లోకి మార్చడం. 2024కి సంబంధించి ఆ పని జనవరి మొదటి వారంలోనే, ఉద్యోగం పోకముందే చేసేశాడు. ఎప్పటిలా దానిమీద పన్ను సున్నా రావాలి. కానీ ఆ లెక్క చూపే ఫారం 8606 నింపేసరికి ఆ 7,000లో 6,742 డాలర్లు పన్ను కట్టాల్సిన ఆదాయంగా తేలింది. ఇద్దరం మూడుసార్లు లెక్కేశాం. మారలేదు.

అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ మన మామూలు ఐఆర్ఏలన్నిటినీ కలిపి ఒకే కుండగా చూస్తుంది. డబ్బు ఏ తేదీన మార్చామన్నది చూడదు, డిసెంబరు 31న అన్ని మామూలు ఐఆర్ఏల్లో కలిపి ఎంతుందో చూస్తుంది. ఆ రోజుకి వాడి ఐఆర్ఏలో 1,83,000 ఉంది. దానికి మార్చిన 7,000 కలిపితే 1,90,000. అందులో పన్ను కట్టేసిన సొమ్ము 7,000 మాత్రమే, అంటే నాలుగు శాతం కూడా కాదు. కాబట్టి జనవరిలో మార్చినదానిలోనూ అంత వాటాకే మినహాయింపు దొరికింది. పాత కంపెనీ 401కెలోనే ఉంచి ఉంటే ఈ కుండలో ఏమీ ఉండేది కాదు, ఎందుకంటే 401కె ఈ లెక్కలోకి రాదు. వాళ్ళ 24 శాతం శ్లాబులో అదనంగా పడిన పన్ను దాదాపు 1,600 డాలర్లు. వచ్చిన బోనస్ 1,800. ఆ పన్ను పూర్తిగా వృథా అయినట్టు కాదు, పన్ను కట్టేసిన సొమ్ముగా అదే ఫారంలో నమోదై ముందు ముందు కలిసొస్తుంది. కానీ వాడు అనుకున్నదీ, జరిగిందీ ఒకటి కాదు. నేనూ సరే అన్నానన్న బాధ నాకింకా ఉంది. అందుకే ఇది రాస్తున్నాను.

బోనస్ తప్పని అనను. అది మోసమూ కాదు. 2024 మొదటి నెలల్లో రాబిన్‌హుడ్ అనే బ్రోకరేజీ, రుసుము కట్టే తన గోల్డ్ సభ్యులకు 401కె, ఐఆర్ఏ తరలింపుల మీద 3 శాతం ఇచ్చింది. లక్షా ఎనభై వేలకు అది 5,400 డాలర్లు. సొమ్ము అయిదేళ్ళు కదపకూడదన్న షరతు కూడా పైకే చెప్పారు. ఇలాంటి బోనస్ ఎక్కడినుంచి వస్తుందంటే, మన డబ్బు అక్కడ ఉన్నన్నాళ్ళూ ఆ సంస్థకు ఏదో ఒక దారిలో ఆదాయం ఉంటుంది. ఖాళీగా పడున్న నగదు మీద వడ్డీ, ఫండ్ల ఖర్చులు, నెలవారీ సభ్యత్వం, ఏటా ఒక శాతం తీసుకునే సలహాదారు ఫీజు, ఇలా. రెండు లక్షల మీద ఒక శాతం అంటే ఏడాదికి రెండు వేలు. ఒక శాతం బోనస్ ఇచ్చి ఉంటే అది ఏడాదిలో వాళ్ళకు తిరిగి వచ్చేస్తుంది. ఖర్చులేని చోటికి మారితే ఈ బాధ లేదు. అందుకే బోనస్ శాతంకంటే ముందు ఏటా పట్టుకునే శాతం ఎంతో అడగాలి.

నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇంకోటుంది, యాన్యుటీ బోనస్. యాన్యుటీ అంటే బీమా కంపెనీకి డబ్బిచ్చి, తర్వాత పెన్షన్‌లా తీసుకునే ఒప్పందం. అమెరికాలో మనవాళ్ళ ఇళ్ళలో సత్యనారాయణ వ్రతం అయ్యాక, ప్రసాదం పళ్ళాలు తీస్తుండగానే, తెలిసినాయనే ల్యాప్‌టాప్ తెరిచి, "మీ పాత 401కె దీంట్లోకి మార్చండి, మొదటి రోజే పది శాతం బోనస్, మార్కెట్ పడినా మీ అసలు పడదు" అని చెప్పడం మీలో చాలామంది చూసే ఉంటారు. చెప్పేవాళ్ళలో ఎక్కువమంది మనవాళ్ళే, మంచివాళ్ళే. శిక్షణలో నేర్పింది నమ్మి చెబుతారు. కానీ రెండు లక్షలకు ఇరవై వేలు ఎవరూ ఊరికే ఇవ్వరు. మార్కెట్ సూచీనిబట్టి రాబడి లెక్కగట్టే ఇలాంటి ఇండెక్స్ యాన్యుటీల్లో బోనస్ ఉంటే సాధారణంగా సరెండర్ గడువు, అంటే డబ్బు కదపకూడని కాలం, ఎక్కువ ఉంటుంది, చాలాచోట్ల పదేళ్ళు. ఆలోపు పెద్ద మొత్తం తీస్తే కోత పడుతుంది, బోనస్‌లో కూడా కొంత వెనక్కి పోవచ్చు. మార్కెట్ పెరిగినప్పుడు మనకిచ్చే వాటా మీద పెట్టే పరిమితి కూడా బోనస్ లేని వాటికంటే తక్కువగా ఉంటుంది. కొన్నిటిలో ఆ బోనస్ మన చేతికొచ్చే నగదు విలువలో కలవదు, భవిష్యత్తులో ఇచ్చే పెన్షన్‌ను లెక్కగట్టే ఒక కాగితపు అంకెలో మాత్రమే కలుస్తుంది. డబ్బును ఫండ్లలో పెట్టే వేరియబుల్ యాన్యుటీల గురించి మదుపరులకు ఇచ్చే సమాచారంలో అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ కూడా, బోనస్ ఇచ్చేవాటి అదనపు ఖర్చులు ఆ బోనస్‌నే మించిపోవచ్చని హెచ్చరిస్తుంది. పైగా ఐఆర్ఏలో ఉన్న డబ్బుకు పన్ను వాయిదా ఎలాగూ ఉంది. అందులో యాన్యుటీ కొన్నంతమాత్రాన పన్నుపరంగా కొత్తగా కలిసొచ్చేదేమీ లేదు.

జీవితాంతం నెలనెలా ఇంత వస్తుందన్న ధైర్యం కావాల్సిన వాళ్ళకు యాన్యుటీ పనికొస్తుంది. అరవై దాటిన వాళ్ళు ఆలోచించి తీసుకుంటే నాకు అభ్యంతరం లేదు. ముప్పై ఎనిమిదేళ్ళ కుర్రాడికి, గ్రీన్ కార్డ్ ఇంకా రానివాడికి, పదేళ్ళ తాళం వేసి అమ్మడం మాత్రం తప్పు.

ఉద్యోగం పోయిన వాళ్ళకు ఒక మాట. హెచ్‌1బి వాళ్ళకు ఉద్యోగం పోయాక అరవై రోజుల గడువు ఉంటుందని అందరికీ తెలుసు. రోలోవర్‌కి, అంటే ఒక రిటైర్మెంట్ ఖాతా సొమ్మును ఇంకోదానిలోకి మార్చడానికి కూడా ఒక అరవై రోజుల లెక్కుంది. చెక్కు మన పేరున తీసుకుంటే కంపెనీ ప్లాన్ 20 శాతం ట్యాక్స్ కింద పట్టుకుని మిగతాది ఇస్తుంది. ఆ పట్టుకున్న 20 శాతాన్ని కూడా మన జేబులోంచి కలిపి అరవై రోజుల్లో కొత్త ఖాతాలో వేయకపోతే, వేయని మేరకు ఆదాయం కింద పన్ను, దానిమీద వయసునుబట్టి 10 శాతం పెనాల్టీ. అసలే వీసా టెన్షన్‌లో ఉన్నవాడికి ఈ రెండు అరవైలూ కలిసిపోయి, 401కె కూడా అరవై రోజుల్లో ఖాళీ చెయ్యాలేమో అనిపిస్తుంది. అక్కర్లేదు. 7,000 డాలర్లు దాటిన ఖాతాను పాత కంపెనీ మన ఇష్టం లేకుండా సాధారణంగా బయటికి పంపలేదు. ఉద్యోగం సంగతి తేలేదాకా దాన్ని అక్కడే ఉండనివ్వండి. ఎప్పుడైనా మార్చదలిస్తే, సొమ్ము నేరుగా కొత్త ఖాతాకే వెళ్ళే డైరెక్ట్ రోలోవర్ అని అడగండి. ఇంటికి కాగితం చెక్కు వచ్చినా, దానిమీద ముందు కొత్త సంస్థ పేరు, తర్వాత ఎఫ్‌బీఓ (ఫలానావారి కోసం అని అర్థం) అనే మూడక్షరాలు, ఆ తర్వాత మీ పేరు ఉండాలి. ఆ చెక్కును మీ బ్యాంకు ఖాతాలో వేయకండి.

401కె వదిలితే పోయేవి ఇంకా కొన్నున్నాయి. 55 నిండే ఏడాదిలోగానీ ఆ తర్వాతగానీ ఉద్యోగం మానేస్తే ఆ కంపెనీ 401కె నుంచి పెనాల్టీ లేకుండా తీసుకోవచ్చు, ఐఆర్ఏలో అయితే మామూలుగా 59½ దాకా ఆగాలి. అప్పులవాళ్ళ నుంచి 401కెకి ఫెడరల్ చట్టం రక్షణ బలంగా ఉంటుంది. ఐఆర్ఏకి దివాలా కేసు కాని సందర్భాల్లో రక్షణ రాష్ట్రాన్నిబట్టి మారుతుంది. మోటెళ్ళు, గ్యాస్ స్టేషన్లు నడుపుకునే మనవాళ్ళు ఈ తేడా తప్పక కనుక్కోవాలి.

హైదరాబాదో విజయవాడో తిరిగి వెళ్ళిపోదామనుకునే వాళ్ళు ఇంకొంచెం జాగ్రత్తపడాలి. బోనస్ కోసం అయిదేళ్ళు కదపకూడదని ఒప్పుకుని, రెండేళ్ళకే ఇండియా వెళ్ళిపోతే? చిరునామా ఇండియాకి మార్చగానే కొన్ని బ్రోకరేజీలు కొత్త కొనుగోళ్ళు ఆపేస్తాయి, కొన్ని ఖాతానే మూసుకోమంటాయి. అమెరికా రిటైర్మెంట్ ఖాతాల్లో ఏటా పెరిగే ఆదాయం మీద వెంటనే కాకుండా, తీసుకున్నప్పుడే పన్ను పడేలా ఇండియా 2021లో సెక్షన్ 89ఏ తెచ్చింది. దానికి అప్పటి చట్టం ప్రకారం ఫారం 10-ఈఈ వేయాల్సి ఉండేది. ఈ పేరు చెప్పిన బోనస్ ప్రకటన నేను ఒక్కటీ చూడలేదు.

మార్చడమే మంచిదయ్యే సందర్భాలూ ఉన్నాయి. పాత ప్లాన్‌లో ఫండ్లన్నీ ఖరీదైనవైతే, నాలుగు కంపెనీల్లో నాలుగు చిన్న ఖాతాలు పడుంటే, బ్యాక్‌డోర్ రాత్ అవసరమే లేని ఆదాయమైతే, ఖర్చు తక్కువున్న ఐఆర్ఏలోకి నిశ్చింతగా మార్చుకోవచ్చు. దానిమీద బోనస్ వస్తే ఇంకా సంతోషం.

అమెరికాలోని మన తెలుగు సంఘాన్ని నేను అడిగేది ఒక్కటే. మన సభల్లో ఫైనాన్స్ స్టాళ్ళు పెట్టేవాళ్ళు మనకు స్పాన్సర్లు, వాళ్ళ డబ్బుతోనే భోజనాలు, నృత్య కార్యక్రమాలు జరుగుతున్నాయి. వాళ్ళను రావద్దనమని అడగడం లేదు. స్టాలు ముందు ఒక కాగితం అంటించమని అడుగుదాం: ఈ ప్లాన్ అమ్మితే మాకు ఇంత కమిషన్ వస్తుంది, మీ డబ్బుకు ఇన్నేళ్ళు తాళం పడుతుంది అని. మన వాట్సాప్ గ్రూపుల్లో రెఫరల్ లింకు పెట్టేవాళ్ళు కూడా తమకు ఎంతొస్తుందో పక్కనే రాయాలి. వచ్చే సభలో కమిషన్ లేకుండా ఫీజు మాత్రమే తీసుకునే సలహాదారును ఒకర్ని పిలిచి, 401కె మీద రెండు గంటలు మాట్లాడించాలి. ఆ ఖర్చులో నా వంతు నేనిస్తాను.

మా తమ్ముడి సంగతి చెప్పలేదు. కొత్త కంపెనీ 401కె బయటి ఐఆర్ఏ సొమ్మును తీసుకుంటుందని తెలిశాక, 2025 అక్టోబరులో, పన్ను కట్టిన భాగం వదిలి మిగతాదంతా అందులోకి పంపేశాడు. అయిదేళ్ళు ఆగలేదని 1,800 వెనక్కి తీసుకున్నారు. మిగిలిన 6,742ను పన్ను లేకుండా రాత్‌లోకి మార్చాడు. డిసెంబరు 31 రాత్రి ఐఆర్ఏ బ్యాలెన్స్ సున్నా చూపిస్తున్న స్క్రీన్ ఫొటో నాకు పంపాడు. కింద "అన్నా, హ్యాపీ న్యూ ఇయర్" అని రాశాడు.